కాలవ కట్టేశాక

మా పెడనలో ముహూర్తాలు పెట్టేది పురోహితులు కాదు, ఇరిగేషన్ వాళ్ళు. పెళ్ళిచూపులైనా, కంటి ఆపరేషనైనా, ఇంటికి సున్నమైనా సరే, "కాలవ కట్టేశాక చూద్దాం" అంటారు. ఎండాకాలంలో కృష్ణ కాలవకి నీళ్ళు ఆపేస్తారు. నీళ్ళు ఆగితే కలంకారీ పని ఆగుతుంది. పని ఆగితే గానీ మా మగవాళ్ళకి ఇంట్లో పెళ్ళాం పిల్లలు ఉన్నారన్న సంగతి గుర్తు రాదు.

మా ఇంట్లో హైదరాబాద్ ప్రయాణం అలాగే రెండేళ్ళు వాయిదా పడింది. ప్రయాణమంటే గుళ్ళూ గోపురాలూ కాదు. ఆ ఊరి బయట కొత్తగా నీళ్ళ పార్కు ఒకటి కట్టారు. మా అమ్మాయి దివ్యశ్రీ క్లాసులో ఓ పిల్ల అక్కడికి వెళ్ళొచ్చి కథలు కథలుగా చెప్పింది. మేడంత ఎత్తు నుంచి గొట్టంలో జారితే కింద నీళ్ళలో పడతారట. గంటకోసారి గంట కొట్టి అలలు వదులుతారట. గుండ్రంగా తిరిగే చిన్న కాలవ ఒకటుందట. అందులో రబ్బరు చక్రం మీద వెల్లకిలా పడుకుంటే చాలు, నీళ్ళే మోసుకెళ్తాయట. మనం చేయాల్సిన పని ఏమీ ఉండదట.

దివ్యకి గొట్టం కావాలి. నాకు ఆ కాలవ కావాలి. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను. పిల్ల పేరు చెప్పుకుని నేను సరదా తీర్చుకున్నానని రేపు ఎవరూ నన్ను దెప్పకూడదు.

నేను గుడివాడ పిల్లని. మా పుట్టింట్లో గుమ్మం ముందే మునిసిపల్ కుళాయి. కాలవలో కాలు పెట్టాల్సిన అవసరం పెళ్ళయ్యేదాకా నాకు రాలేదు. కాపరానికి వచ్చిన ఏడో రోజున మా అత్తగారు నన్ను నడుం లోతు నీళ్ళలోకి దింపి చేతిలో గుడ్డ పెట్టారు. పదహారేళ్ళయింది. ఆవిడ పోయి కూడా ఆరేళ్ళయింది. నేను మాత్రం ఇంకా ఆ నీళ్ళలోనే ఉన్నాను.

మా పని తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. గుడ్డ మీద కొయ్య అచ్చులు వేస్తారు. అచ్చు వేశాక పారే నీళ్ళలో జాడించాలి. తర్వాత ఎర్రరంగు కాగులో వేసి ఉడికించాలి. ఉడికించాక మళ్ళీ పారే నీళ్ళలో జాడించాలి. నిలవనీళ్ళు పనికిరావు, విడిచిన రంగు తిరిగొచ్చి గుడ్డకే పట్టుకుంటుంది. ఉడికిన గుడ్డని జాడించకుండా నాలుగైదు రోజులు ఉంచినా మరకలు పడి పాడవుతుంది. అందుకే కాలవ ఉన్నన్నాళ్ళే మా బతుకు.

ఇంట్లో ఎవరి పని వారిదే. మా మావయ్య గారు నాగభూషణరావు గారు రంగు కాస్తారు. ఆయన దించిన ఎరుపు ఇంకెవరి కాగులోనూ రాదని బందరు దాకా పేరు. రంగు కాచే చెయ్యి కాలవలో పెడితే రంగు చల్లబడుతుందని వాళ్ళ తాతగారు చెప్పారట. అంచేత ఆయన కాలవలో చెయ్యి పెట్టరు. మా ఆయన కాంతారావు గారు అచ్చు వేస్తారు. అచ్చు వేసే చెయ్యి నీళ్ళలో నానితే గీత వంకర పోతుందట. ఈ నియమం ఏ తాతగారూ చెప్పలేదు, ఈయనే కనిపెట్టారు. దివ్య చదువుకునే పిల్ల. ఇక మిగిలింది నా చెయ్యి. దానికి ఏ ఆచారమూ లేదు కాబట్టి ఉతుకుడంతా దాని మీదే పడింది.

నా చేతులు ఎవరికైనా చూపించాలంటే నాకే సిగ్గు. అచ్చు రంగులో కలిపే పటిక తినేసి తినేసి వేళ్ళ సందులు ఒరుసుకుపోయి ఉంటాయి. పెళ్ళిళ్ళలో వడ్డించేటప్పుడు కొంగు కింద పెట్టుకుంటాను. ఆ చేతులు నీళ్ళలో ఊరికే వదిలేసి, ఏ గుడ్డా పట్టుకోకుండా ఒక్క గంట పడుకోవాలని నా కోరిక. పెద్ద కోరికేం కాదు. మేడ కట్టమన్నానా, మిద్దె కట్టమన్నానా?

మా ఆయనకిది ఎంత చెప్పినా అర్థం కాలేదు. వెటకారం కాదు, పాపం నిజంగానే అర్థం కాక అడిగారు.

"పొద్దస్తమానం నీళ్ళలోనే ఉంటావు. మళ్ళీ టిక్కెట్టు కొనుక్కుని నీళ్ళలో దిగడానికి హైదరాబాద్ దాకా ఎందుకు జ్యోతీ?"

చేతిలో గుడ్డ లేకుండా నీళ్ళెలా ఉంటాయో చూద్దామని, అన్నాను. నేను సరసమాడుతున్నానని నవ్వేసి వెళ్ళిపోయారు. మావయ్య గారిదింకో పాట. డబ్బిచ్చి మునగడానికి అవేమైనా పుష్కరాలా, పది మైళ్ళలో మంగినపూడి సముద్రం ఉండగా హైదరాబాద్‌లో సిమెంటు సముద్రం ఏమిటి అన్నారు. ఆయన మంగినపూడి వెళ్ళి పన్నెండేళ్ళయింది. అదీ కాలవ కట్టేశాక వెళ్దామనే ఆగింది.

మొదటి ఏడాది ఏదో ఆర్డరు అడ్డమొచ్చింది. రెండో ఏడాది కాలవ కట్టడం ఆలస్యమై బడులు తెరిచేశారు. ఇది మూడో ఏడాది, రెండువేల ఒకటి. ఇక వీళ్ళని నమ్ముకుంటే లాభం లేదని నేనే బందరు బస్సెక్కి, రిజర్వేషన్ లైన్లో రెండు గంటలు నిలబడి నాలుగు బెర్తులు చేయించుకొచ్చాను. ఏప్రిల్ ఇరవై ఏడు, శుక్రవారం, సికింద్రాబాద్ బండి. టిక్కెట్లు దేవుడి పటం వెనక పెట్టాను. మావయ్య గారు ఆ రోజు దణ్ణం కాస్త క్లుప్తంగా పెట్టుకున్నారు.

మిగిలిందల్లా కాలవ ఎప్పుడు కట్టేస్తారన్నదే. మా వీధి చివర లాకు దగ్గర లస్కర్ మత్తయి ఉంటాడు. నీళ్ళ తలుపులు ఎత్తేదీ దించేదీ అతనే కాబట్టి అందరూ తారీకు అతన్నే అడుగుతారు. పై నుంచి కాయితం వస్తే గానీ అతనికీ తెలియదు. అయినా అడుగుతారు, అతనూ చెప్తాడు. నేను నెమలి అంచు దుప్పటి ఒకటి పొట్లం కట్టి తీసుకెళ్ళి, మా వాళ్ళు ఎప్పుడడిగినా ఇరవయ్యో తారీకని చెప్పమని బతిమాలాను. ఇరవై అంటే కొత్త ఆర్డరు ఒప్పుకోరు, ప్రయాణం వాయిదా పడదు, అదీ నా లెక్క. దుప్పటి చంకన పెట్టుకుని, మీ మాట కాదంటానా అమ్మా అన్నాడు మత్తయి.

నాలుగు రోజుల తర్వాత అతను మా వీధిలోంచి వెళ్తుంటే మావయ్య గారు పిలిచి అరుగు మీద కూర్చోబెట్టారు. మా ఆయన లోపల్నుంచి వచ్చారు, నేను మజ్జిగ పట్టుకొచ్చాను. ముగ్గురమూ ఒక్కసారే కాలవ సంగతి అడిగాం. మత్తయి గ్లాసు చేతిలో పట్టుకుని మా ముగ్గురి మొహాలూ వరసగా చూశాడు. చాలాసేపు మజ్జిగ తాగాడు. తర్వాత చెప్పాడు.

"ఇరవయ్యో తారీకున రావాల్సిన కాయితమండీ, ఇంకా రాలేదు. వస్తే మాత్రం నెలాఖరుకి కట్టేస్తారు."

ముగ్గురికీ సంతోషమైంది. అప్పుడే ముగ్గురికీ అనుమానం కూడా వచ్చింది. తీరా కూపీ లాగితే తేలిందేమంటే, నెలాఖరని చెప్పమని మావయ్య గారు ఒక దుప్పటి ఇచ్చారు. మా ఆయన మరీ ఘనుడు. నాకూ వాళ్ళ నాన్నకీ మధ్య ఇరుక్కోవడం ఇష్టం లేక, ఇంకా ఏమీ తెలియలేదని చెప్పమని ఒక దుప్పటి ఇచ్చారు. మత్తయి ఒక్క మాటతో మూడు దుప్పట్లకీ న్యాయం చేశాడు. అలాంటివాణ్ణి లాకు దగ్గర కాదు, అసెంబ్లీలో కూర్చోబెట్టాలి.

నెలాఖరు మాట పట్టుకుని మావయ్య గారు బందరు పిచ్చేశ్వరరావు గారి కొట్టుకి మూడొందల దుప్పట్లు ఒప్పుకున్నారు. అచ్చులు పడ్డాయి, కాగు ఎక్కింది, నేను కాలవలో దిగాను. బుధవారం సాయంత్రం లాకు గోడ మీద కాయితం అంటించారు. శనివారం సాయంత్రానికి కాలవ కట్టేస్తారు.

ఆ సాయంత్రానికి రంగు కాయడం పూర్తయింది. ఉడికిన దుప్పట్లు నూట ఎనభై ఆఖరి జాడింపు కోసం ఉన్నాయి. ఒక్కదాన్ని రోజుకి అరవై జాడిస్తాను. గురువారం, శుక్రవారం, శనివారం. రైలేమో శుక్రవారం. అంటే ఒక్క రోజు తక్కువైంది.

నలుగురం హాల్లో కూర్చున్నాం. మావయ్య గారు గొంతు సవరించుకుని, ఏం చేస్తాం, రాసి పెట్టి లేదు, వచ్చే ఏడాది చూద్దాం అన్నారు. దుఃఖం నటించడం ఆయనకి చేతకాదు, మొహం కళకళలాడుతోంది. మా ఆయన ఫ్యాను వైపు చూస్తున్నారు. దివ్య అప్పటికే ఏడుస్తోంది. నేను ఒప్పుకోలేదు. అరవై దుప్పట్లు పాడైతే పాడవనీ, మూడో ఏడాది మాత్రం ఈ ప్రయాణం ఆగడానికి వీల్లేదని గట్టిగా చెప్పాను. ఆ మాటకి మావయ్య గారు గుండె పట్టుకున్నారు. ఆయన ఎరుపు మరకలు పడి బందరు వెళ్తే ఇంకేమైనా ఉందా?

అప్పుడు దివ్య కళ్ళు తుడుచుకుని తలెత్తింది.

"అమ్మ ఉండిపోతుందిగా తాతయ్యా. మిగిలింది ఉతకడమేగా."

దానిలో కసి లేదు, కపటం లేదు. కంచం పక్కన మంచినీళ్ళున్నాయిగా అన్నట్టే అంది. అందుకే నాకు అంత లోతుగా దిగింది. నా కడుపున పుట్టిన పిల్ల, పదమూడేళ్ళది. నేను నీళ్ళలో ఉండటం తప్ప ఇంకేమీ చూడలేదు. నేనే చూపించలేదు.

వాళ్ళ ముగ్గురికీ ఒక్కసారిగా ఊపిరొచ్చింది. మావయ్య గారికి పని తప్ప వేరే సాకు లేదు, ఆ పనికి మనిషి దొరికింది కాబట్టి ఆయనా తేలికపడ్డారు. మనవరాలి బుర్రని మెచ్చుకున్నారు. నా టిక్కెట్టు ఒక్కటీ రద్దు చేయించాలని మా ఆయన అన్నారు. రైల్లోకి పులిహోర కలిపితే బాగుంటుందని కూడా అన్నారు. ఎవరు కలపాలో చెప్పనక్కరలేదు. నా మొహం చూసి, ఓదార్చాలనుకున్నారు కాబోలు, దగ్గరికి జరిగారు.

"అక్కడ నువ్వు చూడనిదేముంది జ్యోతీ, నీళ్ళేగా."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఏడుపు కూడా వచ్చింది గానీ కోపం దాన్ని బయటికి రానివ్వలేదు.

"నేను లేకుండా ఈ ఇంట్లోంచి ఎవరూ కదలరు. వాయిదా వేయండి," అన్నాను.

ఇంక చూడండి తమాషా. రెండేళ్ళుగా వాయిదా వేస్తున్న మావయ్య గారు, పసిపిల్లకి మాటిచ్చి తప్పడం మహాపాపమని నాకు నీతి బోధించారు. ఏదీ తేల్చని మా ఆయన, తల్లివై ఉండి పిల్ల మనసు విరగ్గొడతావా అని తేల్చి చెప్పారు. దివ్య నా వైపు చూడనే లేదు. రాత్రి అన్నం తినలేదు. పొద్దున్నే పక్కింటావిడ గోడ మీదుగా తొంగి చూసి, తను వెళ్ళట్లేదని పిల్లని కూడా ఆపేసిందట అని ఎవరితోనో చెప్పడం నా చెవిన పడింది. మూడేళ్ళు ప్రయాణం కోసం పోట్లాడిన మనిషిని, ఒక్క పూటలో ప్రయాణం చెడగొట్టిన దాన్నయ్యాను. కుళాయి బిగించమంటే ఆరు నెలలు తాత్సారం చేసే మా ఆయన, ఆ రోజు మాత్రం మొదటి బస్సుకే బందరు వెళ్ళి నాలుగు టిక్కెట్లూ రద్దు చేయించుకొచ్చేశారు.

గురువారం నేను ఎప్పట్లాగే కాలవలో దిగాను. దుప్పటి విసరడం, లాగడం, పిండడం, గట్టు మీద పరవడం. నా మాట నెగ్గింది, నాకు ఒరిగిందేమీ లేదు. పంతం కోసం పిల్లని ఏడిపించానా అని ఒకసారి, బాగా చేశానని ఒకసారి అనిపిస్తూ ఉంది.

రెండు గంటలప్పుడు దివ్య క్యారేజీ పట్టుకొచ్చింది. గట్టు మీద పెట్టి వెళ్ళిపోతుందనుకున్నాను, వెళ్ళలేదు. ఎన్ని మిగిలాయని అడిగింది. నూట నలభై అన్నాను. ఇంట్లో కూర్చుని ఏం చేయను అని గొణుక్కుంటూ పరికిణీ ఎగదోపుకుని దిగింది. దుప్పటి రెండో కొస పట్టుకుంది. ప్రేమతో కాదు, నా మీద కోపంతోనే. ఆ కోపంలో మూడు దుప్పట్లు గబగబా అయ్యాయి. నాలుగో దానికి ఆగింది.

"చేతులు మండుతున్నాయమ్మా."

"మండుతాయి."

"రోజూనా?"

"రోజూ."

అది తన చేతులు చూసుకుంది. తర్వాత నా చేతులు చూసింది. ఇంట్లో అన్నం వడ్డించే చేతులే, కానీ ఎప్పుడూ చూడనట్టు చూసింది. గట్టెక్కి, నీళ్ళు కార్చుకుంటూ ఇంటివైపు వెళ్ళిపోయింది. చదువుకునే పిల్ల, ఎంతసేపని చేస్తుంది అనుకున్నాను.

కాసేపటికి వాళ్ళ నాన్ననీ తాతనీ వెంటబెట్టుకుని వచ్చింది. ఇంట్లో ఏమందో నాకు ఇప్పటికీ తెలియదు. మా ఆయన చొక్కా విప్పి ఉన్నారు. మావయ్య గారు మాత్రం గట్టు అంచున చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డారు. మనవరాలు దిగుతుంటే వద్దనలేకపోతున్నారు, తాను దిగలేకపోతున్నారు. రంగు చెయ్యి కదా.

"ఈ ఏడాదికి రంగు కాయడం అయిపోయింది కదా తాతయ్యా. ఇంక చల్లబడ్డానికేముంది?" అంది దివ్య.

ఆయన వెనక్కి పెట్టుకున్న చేతులు ముందుకి తెచ్చారు. వాళ్ళ తాతగారు ఈ ప్రశ్నకి జవాబు చెప్పి పోలేదు. చివరికి పంచె ఎగ్గట్టి, పట్టుకోమని నాకు చెయ్యి అందించి, మెల్లగా దిగారు. అచ్చు చెయ్యికి అండగా ఏ తాతగారూ లేరు కాబట్టి మా ఆయన వెంటనే దిగేశారు.

మొదటి గంట నరకం. మావయ్య గారు ఒక్కో దుప్పటి ఎత్తి ఎండకి పట్టి తన ఎరుపు తానే చూసుకుని మురిసిపోతున్నారు. మా ఆయన చేతిలోంచి ఒకటి జారి కొట్టుకుపోతే లాకు దాకా ఈదుకుంటూ వెళ్ళి తెచ్చారు. నాకు దొరికిందే సందని ముగ్గుర్నీ తిట్టాను. కొస గట్టిగా పట్టుకోండి, అలా కాదు, నీటి వాలుకి విసరండి, మీ అమ్మగారు నాకు ఇలాగే నేర్పారా అని అరిచాను. పదహారేళ్ళలో మా మావయ్య గారు నా మాట విని సరేనమ్మా అన్నది ఆ పూటే. పొద్దుగూకే వేళకి ఎనభై మిగిలాయి.

శుక్రవారం తెల్లవారగానే నలుగురం దిగాం. మధ్యాహ్నం రెండు గంటలకి మా ఆయన చెయ్యి చాపితే ఇంక దుప్పటి తగల్లేదు. అయిపోయాయా అని అడిగారు. అయిపోయాయి. గట్టు పొడుగునా ఎర్రగా ఆరుతున్నాయి.

నీళ్ళలో అలాగే నిలబడిపోయాం. అందరి బుర్రలోనూ తిరుగుతున్నది ఒకటే. ఇవాళే శుక్రవారం. రైలు ఎనిమిది గంటలకి. మా బెర్తులు నాలుగూ నిన్న పొద్దున్నే ఎవరికో వెళ్ళిపోయాయి. ఈ ఏడాది సంగతి సరే. పోయినేడు, ఆ ముందేడు కూడా నలుగురం దిగి ఉంటే అసలు ఏ ప్రయాణమూ ఆగాల్సిన పనే లేదు. ఇంత చిన్న సంగతి ఎవరికీ తట్టలేదు. వాళ్ళకి తట్టలేదని తిట్టొచ్చు. కానీ పదహారేళ్ళలో నాకు మాత్రం తట్టిందా? ఒక్కసారైనా గట్టు మీదికి చూసి, మీరూ రండి అని పిలిచానా? నీళ్ళలో ఉండాల్సింది నేనేనని నేనూ అనుకున్నాను. అందరికన్నా నా మీదే నాకు ఎక్కువ కోపం వచ్చింది.

మావయ్య గారు తన చేతులు చూసుకుంటున్నారు. వేళ్ళు మడిచి చూశారు, తెరిచి చూశారు. తర్వాత మెల్లగా అన్నారు.

"వచ్చే ఏడు ముందే నలుగురం దిగుదాం అమ్మాయ్. ప్రయాణం అప్పుడు పెట్టుకుందాం."

మంచి మనసుతోనే అన్నారు. మా ఆయన తలూపారు. ఇప్పుడింక బెర్తులు దొరకవని, సెలవుల రద్దీలో జనరల్ పెట్టెలో కాలు పెట్టే చోటుండదని, సికింద్రాబాద్ దాకా రాత్రంతా నిలబడే వెళ్ళాలని చెప్పారు. అదీ నిజమే. దివ్య నా వైపు చూసింది.

"పదహారేళ్ళు నడుం లోతు నీళ్ళలో నిలబడ్డాను," అన్నాను. "ఒక్క రాత్రి రైల్లో నిలబడలేనా? మీరు వచ్చే ఏడే రండి. నేను ఇవాళ వెళ్తున్నాను."

గట్టెక్కి కొంగు పిండుకున్నాను. దివ్య నా కన్నా ముందే గట్టు మీదుంది. మా ఆయన ఇంకా కాలవలోనే ఉన్నారు. మావయ్య గారు గట్టెక్కి పంచె అంచులు పిండుకుంటూ ఒకటి రెండు అడుగులు వేశారు, ఆగారు, ఆ బండికి జనరల్ పెట్టె ముందుంటుందా వెనకుంటుందా అని కొడుకుని అడిగారు.